యురేనియం పోయింది, గ్రాఫైట్ వచ్చింది: మనల్ని అడిగేది ఎవరు?



ఈ మధ్య ఫోన్‌లో ఎక్కడ చూసినా "కీలక ఖనిజాలు" అనే మాటే. యూరప్‌లో గ్రాఫైట్ గనుల మీద డబ్బు పెట్టండి, రేపటి బంగారం అదే అని వీడియోలు. గ్రాఫైట్ అంటే మనకు తెలిసింది పెన్సిల్‌లో ఉండే నల్ల పుల్ల. ఎక్కడో స్వీడన్‌లో తవ్వే గనికి, మన్ననూర్‌కు ఏం సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఉంది. అది తెలియాలంటే ముందు మన చరిత్ర చూడాలి.

1940లో హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల్లో తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చు వేశాడు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో హైదరాబాద్ రాష్ట్రంలోని షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితా వచ్చింది. అందులో అచ్చంపేట తాలూకా కింద మన్ననూర్, అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, సార్లపల్లి పేర్లున్నాయి. అంటే ఇది మనోళ్ల నేల అని ప్రభుత్వమే 75 ఏళ్ల కింద రాసిపెట్టింది.

తర్వాత పులి వచ్చింది. 1983లో ఈ అడవి పులుల రక్షిత ప్రాంతమైంది. పులి కోసం మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట గేటు పడుతుంది. పులి కోసమే పెంటలు ఖాళీ చేసి బయటికి పోవాలనే మాట ఇప్పటికీ నడుస్తోంది. అదే పులి అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేసే సర్వేకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. మనిషి ఉంటే పులికి ఇబ్బంది, బోరు మిషన్ ఉంటే ఇబ్బంది లేదా? ఆ ప్రశ్నతోనే ఊర్లు లేచినయి. అమ్రాబాద్, పదర మండలాల్లో బంద్‌లు, రాస్తారోకోలు జరిగినయి. 'సేవ్ నల్లమల' అనే మాట హైదరాబాద్ దాకా పోయింది. చివరికి 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఇది మన గెలుపే. కానీ చట్టాలు అక్కడే ఆగలేదు. 2023 ఆగస్టులో కేంద్రం గనుల చట్టాన్ని సవరించి 24 ఖనిజాలను 'కీలక, వ్యూహాత్మక ఖనిజాలు'గా జాబితా చేసింది. గ్రాఫైట్ అందులో ఉంది. వాటి గనులను వేలం వేసే అధికారం కేంద్రం చేతికి పోయింది. 2025 సెప్టెంబర్‌లో పర్యావరణ శాఖ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది: అణు ఖనిజాల గనులకు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. యురేనియానికీ గ్రాఫైట్‌కూ ఒకే మినహాయింపు. నల్గొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు యురేనియం ప్రాజెక్టుకు 2003లో కనీసం జనం ముందు మైకు పెట్టారు. ఇప్పుడు ఆ మైకు కూడా లేదు.

ఇంత తొందర ఎందుకంటే బ్యాటరీ. కరెంటు కారు బ్యాటరీలో లిథియం కన్నా గ్రాఫైటే ఎక్కువ బరువు ఉంటుంది. ప్రపంచంలో సహజ గ్రాఫైట్‌లో ఎక్కువ భాగం చైనాదే. దాన్ని బ్యాటరీకి పనికొచ్చేలా శుద్ధి చేసేది కూడా దాదాపు అంతా అక్కడే. 2023 డిసెంబర్ నుంచి గ్రాఫైట్ ఎగుమతికి చైనా అనుమతులు పెట్టింది. యూరప్‌కు భయం పట్టుకుంది. 2024లో కీలక ముడి ఖనిజాల చట్టం తెచ్చి, ముఖ్యమైన గని ప్రాజెక్టులకు 27 నెలల్లోపు అనుమతులు తేల్చాలని గడువు పెట్టింది. అలా ఎంపికైన వాటిలో ఒకటి ఉత్తర స్వీడన్‌లోని విట్టంగి గ్రాఫైట్ ప్రాజెక్టు. నడిపేది టాల్గా అనే ఆస్ట్రేలియా కంపెనీ. షేర్లు కొనేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో.

మరి ఆ నేల మీద ఎవరున్నారు? సామీలు. వాళ్లు యూరప్ ఆదివాసులు, రెయిన్‌డీర్ అనే దుప్పి జాతి మందలను మేపుకొని బతికేవాళ్లు. గని వస్తే మందల దారి తెగుతుందని టాల్మా, గాబ్నా సామీ సంఘాలు కోర్టుకు పోయినయి. 2024లో స్వీడన్ సుప్రీంకోర్టు వాళ్ల అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. గ్రామసభ సమ్మతి లాంటి చట్టం వాళ్ల చేతిలో లేదు. ధనిక దేశంలో ఉన్నా ఆదివాసీ పరిస్థితి ఇదీ!

మనకు ఆ చట్టం ఉంది. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. అది కూడా మన తెలుగు నేల మీద, అనంతగిరి మండలం గనుల నుంచి పుట్టిన కేసే. కానీ ఆ గోడ సర్కారు సంస్థలను ఆపదు. యురేనియం తవ్వేది సర్కారు సంస్థే. అక్కడ పనికొచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం, గ్రామసభ.

ఒడిశా నియమగిరి చూడండి. లండన్ షేర్ మార్కెట్‌లో ఉన్న వేదాంత కంపెనీ బాక్సైట్ కోసం డోంగ్రియా కొంధుల కొండ మీదికి వచ్చింది. నార్వే ప్రభుత్వ పింఛను నిధి 2007లో, ఇంగ్లండ్ చర్చి 2010లో ఆ కంపెనీ షేర్లు అమ్ముకొని బయటికి పోయినయి. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 గ్రామసభలు జరిగితే 12 కూడా వద్దన్నాయి. గని ఆగింది.

ఇంకో మాట. మన తూర్పు కనుమల్లో గ్రాఫైట్ దొరికే రాయి పేరు ఖొండలైట్. ఆ పేరు పెట్టింది కొంధు ఆదివాసుల పేరు మీదనే. రాయికి మన పేరు పెట్టారు, ఆ రాయి మీద మాట మాత్రం మనకు వద్దంటే ఎట్లా?

పెట్టుబడి పెట్టేవాడు లాభంతో పాటు పని ఎక్కడ ఆగిపోతుందో కూడా లెక్క వేసుకుంటాడు. ఆ లెక్కలో మన పేరు ఉండాలంటే ఊరేగింపు ఒక్కటే చాలదు, కాగితం కావాలి. శాసనసభ తీర్మానం చట్టం కాదు, ఇంకో సభ దాన్ని పక్కన పెట్టొచ్చు. సామూహిక అటవీ హక్కు పత్రం అంత తేలిగ్గా పోదు. కాబట్టి సెలవులకు ఊరికి పోయినప్పుడు మూడు పనులు చేద్దాం. మన పెంటకు సామూహిక హక్కు పత్రం వచ్చిందా అని పెద్దమనుషులను అడుగుదాం. రాకపోతే అటవీ హక్కుల కమిటీతో కూర్చొని దరఖాస్తు రాద్దాం. గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరుందో చూసి, ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకుందాం.

మన తాతలకు అడవి తెలుసు, కాగితం తెలియదు. మనకు రెండూ తెలియాలి.