పనిని విడదీసే యంత్రాలు

కృష్ణా జిల్లా మెట్టప్రాంతమని చిరకాలంగా పేరుపడిన నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. దాపునే కృష్ణానది ప్రవహిస్తున్నది. పాలేరు, మునేరు దానిలో కలుస్తున్నవి. అయినా నేల ఎత్తుగా ఉండడంచేత ఆ నీరు పూర్వం పొలాలకు ఎక్కేది కాదు. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట దిగువనున్న డెల్టాను మాగాణిగా మార్చినది గాని, ఎగువనున్న మెట్టకు దానివల్ల ఒరిగినది ఏమీ లేదు.

“మెట్టకు సాగునీరు కావాలి” అన్నది ఒక్క వాక్యం. ఈ కోరిక తీరడానికి నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలని గట్టిగా కృషిచేసినవారిలో జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఒకరు. 1952లో ఖోస్లా సంఘం వచ్చి పరిశీలించినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు.

ఆ ఒక్క వాక్యానికీ, కాలువలో పారిన నీటికీ నడుమ జరిగినదేమిటి? కోరికను పనులుగా విడగొట్టడం. ఆనకట్ట ఒక పని, ప్రధాన కాలువ ఒక పని, వాగులు దాటించే కట్టడాలు మరొకటి, మేజర్లు, మైనర్లు, చివరకు బోదెలు. ప్రతి పనికీ కొలతలు, ఖర్చు, ముందువెనుకలు ఉంటవి. తల దగ్గర మట్టం వేయడంలో జానెడు తేడా వస్తే దాని ఫలితం వేసినవానికి కాదు, చివరి భూమి రైతుకు తెలుస్తుంది. నందిగామ, తిరువూరు వైపు పొలాలు ఈ కాలువకు చివరి భాగంలోనే ఉన్నవి.

ఇట్లు పెద్ద పనిని చిన్న పనులుగా విడదీసి, వరుస పేర్చి, అమలు ప్రణాళిక రాయడం బుద్ధిమంతుడైన మనిషికే సాధ్యమని చాలాకాలం అందరూ తలచారు. నేడు సాఫ్ట్‌వేర్ రంగంలో ఆ పనిని కృత్రిమ మేధతో నడిచే ‘ఏజెంట్ల’ చేత చేయిస్తున్నారు. ఈ మార్పుకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది.

మూడు అంతస్తుల లెక్కలు

ఫ్రెంచి విప్లవానంతరం మెట్రిక్ కొలతలు ప్రవేశపెట్టినప్పుడు లాగరిథం పట్టికలను కొత్తగా తయారుచేయవలసివచ్చినది. ఆ భారం గాస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరుపై పడినది. గుండుసూది తయారీని అనేక చిన్న పనులుగా విడగొట్టవచ్చునని ఆడం స్మిత్ 1776లో వర్ణించిన సంగతి ఆయనకు దారిచూపినది. కొద్దిమంది గణితవేత్తలు సూత్రాలు నిర్ణయించారు. ఏడెనిమిదిమంది ఆ సూత్రాలను అంకెలుగా మార్చి పనిని పంచారు. తక్కిన అరవై ఎనభైమందికి కూడికలు, తీసివేతలు వస్తే చాలును. చార్లెస్ బాబేజ్ 1832 నాటి తన గ్రంథంలో ఈ ఏర్పాటును మెచ్చుకొన్నాడు. ఆయన యంత్రానికి అప్పగించదలచినది మూడవ అంతస్తును మాత్రమే. పనిని విడగొట్టే రెండవ అంతస్తు మనిషిదిగానే ఉన్నది.

రెండవ అంతస్తుపై యంత్రం చేయి వేసినది 1957లో. అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్లు ‘జనరల్ ప్రాబ్లం సాల్వర్’ అనే ప్రోగ్రాము రాశారు. దాని పద్ధతి సులభమే. జగ్గయ్యపేటలో ఉన్నవాడు నందిగామ చేరాలి. ఉన్న స్థితికీ కోరిన స్థితికీ తేడా దూరం. దూరాన్ని తగ్గించేది బస్సు. జాతీయ రహదారి పట్టణానికి కొంత దూరంలో చిల్లకల్లు మీదుగా పోతున్నది. కనుక ముందు చిల్లకల్లు చేరాలి. అదొక చిన్న గమ్యం. దానికి ఆటో కావాలి. ఇట్లా తేడాను చూడటం, తగిన సాధనం వెదకటం, ఆ సాధనానికి కావలసినదాన్ని మరో గమ్యంగా పెట్టుకోవటం. ప్రయాణం చేసే ప్రతివాడూ తెలియకుండానే చేసే ఈ ఆలోచనను యంత్రానికి అర్థమయ్యేటట్లు రాయడమే వారి ఘనత.

1971లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలో రిచర్డ్ ఫైక్స్, నిల్స్ నిల్సన్ ‘స్ట్రిప్స్’ అనే పద్ధతిని ప్రకటించారు. అక్కడి ‘షేకీ’ అనే చక్రాల మరమనిషి దీనితో తన పనులు తానే వరుస పెట్టుకొనేది. ప్రతి పనికీ మూడు సంగతులు రాయాలి: అది జరగడానికి ముందు ఏవి నిజమై ఉండాలి, జరిగిన తరువాత కొత్తగా ఏవి నిజమవుతవి, ఏవి అబద్ధమవుతవి. ప్రణాళికను సరిచూడటానికి ఇంతకన్న సూటియైన మార్గం ఈనాటికీ లేదని చెప్పవచ్చును.

మూడు పలకల చిక్కు

ఇక్కడ ఒక చిక్కు బయటపడినది. విద్యార్థులు మూడు రాతి పలకలతో దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. పలకలకు క, చ, ట అని పేర్లు పెట్టండి. ‘క’ నేలమీద ఉన్నది. దానిమీద ‘ట’ ఉన్నది. ‘చ’ విడిగా నేలమీద ఉన్నది. ఒక్కసారికి ఒక్క పలకనే కదపాలి, దానిమీద మరేదీ ఉండరాదు. కోరినది: ‘చ’ మీద ‘క’, ‘ట’ మీద ‘చ’.

కోరికలు రెండు గనుక పనిని రెండుగా విడగొడదాము. ముందు ‘చ’ మీద ‘క’ను పెట్టాలంటే, ‘ట’ను దించి ‘క’ను ‘చ’ మీదికి ఎత్తుతాము. మొదటిది నెరవేరినది. ఇక ‘చ’ను ‘ట’ మీద పెట్టబోతే ‘చ’ నెత్తిన ‘క’ కూర్చున్నది! చేసినదానిని చెడగొట్టాలి. పోనీ రెండవ కోరికతో మొదలుపెడితే, ‘చ’ నేరుగా ‘ట’ మీదికి పోతుంది. ‘క’ రెండింటి అడుగున పడిపోతుంది. మళ్ళీ అంతా దించవలసినదే.

సరియైన మార్గం ‘ట’ను దించడం, ‘చ’ను దానిపై పెట్టడం, ఆ తరువాత ‘క’ను ఎత్తడం. అనగా మొదటి పని ప్రారంభించి, నడుమ ఆపి, రెండవది ముగించి, తిరిగి మొదటిదానికి రావాలి. విడివిడిగా చూస్తే ప్రతి ముక్కా సరియైనదే. కలిపితే పని చెడుతున్నది. జెరాల్డ్ సస్‌మన్ 1973 నాటి పరిశోధన ద్వారా ప్రసిద్ధికెక్కడంచేత దీనికి ఆయన పేరే నిలిచినది. 1975లో ఎర్ల్ సాసెర్డోటి దీనికి ఒక ఉపాయం చూపాడు: వరుసను ముందే బిగించకుండా, ఒకదానినొకటి అడ్డుకొనే పనుల మధ్యనే ముందువెనుకలు నిర్ణయించాలి.

అదే కాలంలో ప్రోగ్రాములు రాసేవారికీ ఈ బెడద వచ్చినది. ప్రోగ్రాములు పెరిగి అదుపు తప్పుతున్నవని 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నిపుణులు సమావేశమయ్యారు. నిక్లాస్ విర్త్ 1971లో పనిని మెట్టుమెట్టుగా సూక్ష్మంచేసే పద్ధతిని వివరించాడు. మరుసటి ఏడు డేవిడ్ పార్నస్ మరొక సంగతి చెప్పాడు: పని జరిగే క్రమాన్నిబట్టి కాదు, రేపు మారగల అంశాలనుబట్టి విడగొట్టండి అని. రెండూ అవసరమైనవే, పార్నస్ మాట పట్టించుకొన్నవారు మాత్రం తక్కువ.

తెలుగువారి పాలు

ఈ చరిత్రలో ఇద్దరు తెలుగువారిని తప్పక పేర్కొనాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్‌రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1970ల నాటి ‘హియర్‌సే’ పరిశోధనలకు సారథి. మాటను గుర్తించే ఈ ప్రోగ్రాములో ధ్వనులు, పదాలు, వాక్యాలు తెలిసిన భాగాలు వేరువేరుగా ఉండి, తమ ఊహలను ఒకే నల్లబల్లపై రాసినట్లు పంచుకొనేవి. నేడు పలువురు ఏజెంట్లు ఒక దస్త్రాన్ని నడుమ పెట్టుకొని పనిచేయడంలో ఆ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. 1994లో ఆయనకు ట్యూరింగ్ బహుమానం లభించినది.

రెండవవారు అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని కంభంపాటి సుబ్బారావు. ప్రణాళికా రచనే ఆయన జీవితకాల పరిశోధన. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, వాక్యాలు అల్లే ఈ యంత్రాలు ప్రణాళికలు కూడా వేయగలవని ప్రచారం జరిగినది. ఆయన బృందం పలకల చిక్కువంటి సమస్యలను వాటిముందు పెట్టినది. 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం జీపీటీ-4 సొంతంగా వేసిన ప్రణాళికలలో దోషంలేకుండా నెరవేరగలిగినవి సగటున నూటికి 12. పలకల పేర్లనూ పనుల పేర్లనూ మార్చి, తర్కాన్ని అట్లాగే ఉంచితే, ఆ కొంచెం నైపుణ్యమూ జారిపోయినది. 2024లో ‘ఆలోచించి’ చెప్పే కొత్త నమూనా ఒకటి పలకల సమస్యలను దాదాపు అన్నిటినీ సాధించినదనీ, పేర్లు మార్చినప్పుడు సుమారు సగం సాధించినదనీ అదే బృందం ప్రకటించినది. ఇట్టి నిష్పాక్షికత ప్రశంసింపదగినది. ఆయన సూచించిన ఏర్పాటులో భాషా నమూనా ప్రణాళికను ప్రతిపాదించాలి. దానిని సరిచూచే భాగాలు వేరుగా ఉండి తప్పులను తిప్పిపంపాలి.

పాఠశాలలో ఒక ఉదాహరణ

నందిగామలోని ఒక ఉన్నత పాఠశాలకు హాజరు ప్రోగ్రాము ఉన్నదనుకొందాము. పిల్లవాడు మూడు రోజులు రాకపోతే తల్లిదండ్రులకు తెలుగులో సందేశం పోవాలని ప్రధానోపాధ్యాయులు కోరారు. ఏజెంటు మొదట ఉన్న ప్రోగ్రామును చదువుతుంది. ఫోను నంబర్లు ఎక్కడున్నవి, గైరుహాజరు ఎట్లా నమోదవుతున్నది చూచి, ఏ దస్త్రంలో ఏది మారాలో, ఏది ముందు చేయాలో, ప్రతి మెట్టు సరిగా జరిగినదని ఏ పరీక్షవల్ల తెలుస్తుందో ప్రణాళిక రాస్తుంది. మనిషి చదివి ఒప్పుకొన్న తరువాతనే ప్రోగ్రాములో చేయి పెట్టనిస్తారు. 2025 నాటికి ఈ పద్ధతి వాడుకలోకి వచ్చినది.

ఆ ప్రణాళిక అందంగానే ఉంటుంది. కాని రెండవ శనివారం సెలవని, ఆ రోజును గైరుహాజరుగా లెక్కించరాదని ప్రోగ్రాములో ఎక్కడా రాసిలేకపోతే ఏజెంటుకు ఎట్లా తెలియాలి? అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఒకే ఫోను నంబరు ఉంటే? స్ట్రిప్స్ భాషలో ఇవి ‘ముందు నిజమై ఉండవలసినవి’. హాజరుపట్టీ రాసే ఉపాధ్యాయునికి ఇవి తెలుసును, కాగితంమీద ఉండవు. ప్రణాళికలో ఇవి తప్పిపోతే తరువాతి మెట్లన్నీ నిర్దోషంగా జరిగి, తప్పు సందేశాలు వందలకొద్దీ పోతవి.

కంచికచర్ల వంటి చోట్ల ఇంజనీరింగు కళాశాలలు వెలిసిన తరువాత ఈ మెట్టప్రాంతపు పిల్లలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళడం పరిపాటి అయినది. పెద్దలు విడగొట్టి ఇచ్చిన చిన్న పనులు చేస్తూ పనిని ఎట్లా విడగొట్టాలో నేర్చుకోవడం ఆ వృత్తిలో చిరకాలపు శిక్షణ. ఇప్పుడు ఆ చిన్న పనులనే ఏజెంట్లు అందుకొంటున్నవి. ద ప్రోనీ కొలువులో కూడికలు చేసినవారికి రెండవ అంతస్తుకు మెట్లు ఉండేవి కావు. కొత్తగా చేరే యువకులు నేరుగా ఆ అంతస్తులోనే కూర్చుని, యంత్రం రాసిన ప్రణాళికలో ఏ పలక ఏ పలకకు అడ్డువస్తున్నదో చూడవలసివస్తున్నది.