ఎర్ర గీత కథ

మీ ఇంట్లోని మందుల డబ్బా తెరిచి చూడండి. కొన్ని బిళ్ళల అట్టల మీద ఎర్ర గీత కనిపిస్తుంది. వైద్యుని చీటీ లేనిదే ఆ మందు అమ్మరాదని దాని అర్థం.

మన దేశంలో మందుల కల్తీ పెచ్చుమీరగా, 1930లో కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. 1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి నియమావళి ఆ కృషి ఫలితాలే. నియమావళిలోని షెడ్యూల్ హెచ్ చీటీని తప్పనిసరి చేసింది. ఆచరణలో అది పలుచబడింది. అందుకే 2014 మార్చి 1 నుంచి 46 మందులతో షెడ్యూల్ హెచ్1 అమలులోకి వచ్చింది. ఆల్ప్రజోలామ్, డయజిపామ్, ట్రమడాల్, కోడీన్, క్షయ మందులు, బలమైన యాంటీబయాటిక్‌లు అందులో ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి, మూడేళ్ళు భద్రపరచాలి.

అయితే ఈ చట్టం చూపు దుకాణం గడప దాటదు. నేను రాసిన చీటీయే మడతల వద్ద చిరిగి, ఏళ్ళ తరువాత మరొకరి చేతిలో నాకు ఎదురైంది. పది బిళ్ళలు చాలిన చోట ముప్పై రాసే అలవాటు మా వైద్యులదే. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మిగిలిన మందుల సంగతి ఆలస్యంగా గుర్తుకొచ్చింది. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్, డయజిపామ్ వంటి 17 మందులను మాత్రం మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు వదలమంది; ఇంట్లో పిల్లల చేతికి చిక్కితే ఒక్క మోతాదే ప్రాణాంతకం కావచ్చు. తక్కినవాటిని అలా వదలరాదు, నీటిలో కలుస్తాయి. అదే ఏడు కేరళ ప్రభుత్వం కోళికోడ్‌లో వాటిని ఇళ్ళ నుంచి సేకరించడం మొదలుపెట్టింది. మీ ఊళ్ళో అటువంటి ఏర్పాటు లేకుంటే, బిళ్ళలను అట్ట నుంచి తీసి, వాడిన టీపొడిలో కలిపి, సంచిలో మూతికట్టి చెత్తలో వేయండి. చీటీ మీది పేరు కొట్టివేయడం మరువకండి.