మూత్రబంధమునకు శస్త్రచికిత్స వచ్చిన వైనము

నేడు నేను ప్రసంగింపబోవు విషయము నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడునట్టిది. మా తాతగారు రాత్రికి అయిదారు మారులు లేచి పెరటిలోనికి పోవుచు, అడిగినచో నిదుర పట్టుట లేదనెడివారు. ఇంటివారికి నిజము తెలియునప్పటికి మూత్రము పూర్తిగా బంధించెను.

పురుషులకు మూత్రాశయపు మెడను చుట్టి ప్రోస్టేటు గ్రంథి యొకటి కలదు. వయస్సు మీరినకొలది అది పెరిగి, నడుమనున్న మార్గమును నొక్కును. గుదమునకును వస్తికిని నడుమ రాతివలె గట్టిగా లేచి మలమూత్రములను నిరోధించునదని సుశ్రుతుడు వర్ణించిన వాతాష్ఠీల ఇదియే కావచ్చునని నాకు తోచును. పూర్వము గొట్టము చొప్పించి మూత్రము తీయుటయే గతి. ఆ గొట్టము వెంట చీము చేరి, మూత్రపిండములు చెడి మరణించినవా రనేకులు.

గ్రంథినే తీసివేయవచ్చునని లోకమును నమ్మించినవాడు పీటర్ ఫ్రేయరు. ఐర్లండువాడు. 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, ఉత్తర హిందూస్థానమున ఇరువది యేండ్లు పనిచేసెను. మూత్రాశయములోని రాళ్లను లోపలనే నలిపి తీయుటలో ఆయనకు గొప్ప పేరు. రాంపూరు నవాబు లక్షరూపాయలు బహుమానమీయగా ప్రభుత్వము వారు ఆక్షేపించిరట! ఆ హస్తలాఘవము మన దేశపు రోగుల వలన అబ్బినదే.

1900 డిసెంబరులో లండనులోని సెయింట్ పీటర్సు ఆస్పత్రిలో ఆయన ఒక వృద్ధుని పొత్తికడుపును, మూత్రాశయమును కోసి, తాటికాయనుండి ముంజెను వ్రేలితో పెకలించినట్లు గ్రంథిని ఒలిచి తీసెను. న్యూయార్కులో ఫుల్లరు అంతకు ముందే ఈ పని చేసియుండెను. మొదటివా డెవడను వాదము చాలకాలము సాగెను. వేయిమందికి పైగా చేసి ఫలితములను ప్రకటించినవాడు ఫ్రేయరు గనుక, ఘనతలో పెద్దపాలు ఆయనదే యని నా అభిప్రాయము.

అయినను రక్తస్రావము మెండు. 1945లో మిల్లిను మూత్రాశయమును కోయకుండ ముందునుండియే గ్రంథిని తీయు మార్గము చూపెను. అంతకు ముందే, 1926లో, స్టెర్ను అను అమెరికా వైద్యుడు మూత్రమార్గము గుండ పరికరమును పంపి, విద్యుత్తీగతో అడ్డమును చెక్కివేయు పద్ధతిని కనిపెట్టెను. పైకి గాయమే కనబడదు. నేటికిని విరివిగా చేయుచున్నది ఇదియే. 1990 తరువాత లేసరు కిరణము కూడ వచ్చినది. చికిత్స పిమ్మట వీర్యము వెనుకకు మూత్రాశయములోనికి పోవుట సామాన్యము. దానిని ముందే అడిగి తెలిసికొనవలెను. అందరికిని కోత యక్కరలేదు, మందులతో నెమ్మదించువారును కలరు.

మా తాతగారికి కడుపు కోసియే తీసిరి. ఇల్లు చేరిన కొన్నాళ్లకు ఒకరాత్రి ఆయన తెల్లవారువరకు కదలక నిదురించిరి. మా నాయనమ్మ మాత్రము రెండుమారులు లేచి, ముక్కు దగ్గర వ్రేలుంచి ఊపిరి చూచినదట.