ఉత్తర కడప మైదానాల వసంత వాతావరణ అంచనా

వైఎస్సార్ కడప జిల్లాలో పెన్నా ఒడ్డునున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలకూ, వాటికి దక్షిణాన కాస్త మెరకనున్న పులివెందులకూ వసంతం పంచాంగంలోనే తప్ప వాతావరణంలో కనిపించదు. చైత్ర వైశాఖాలు వచ్చేసరికే ఇక్కడ ఎండలు ముదిరిపోతాయి. మార్చి నుంచి మే దాకా ఉన్న ఈ మూడు నెలలను భారత వాతావరణ శాఖ రుతుపవనాలకు ముందటి కాలంగా లెక్కగట్టి, ఏటా ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చి ఆరంభంలోనో దేశమంతటికీ ఒక అంచనా ప్రకటిస్తుంది. ఈ ప్రాంతంలో ఆ అంచనాను వాన కోసం చూసి లాభం లేదు. ఎండ తీవ్రత కోసం చూడాలి, దాని పక్కనే అంతకుముందు అక్టోబరు–డిసెంబరు వర్షపాతాన్నీ, జలాశయాల మట్టాన్నీ పెట్టుకోవాలి. రాబోయే వేసవి ఎలా గడుస్తుందన్నది చాలావరకు ఆ నెలల్లోనే తేలిపోతుంది.

వాన, ఆవిరి

పశ్చిమ కనుమల వెనుక వానచాటున, సముద్రానికి 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నేల ఇది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం నైరుతి, ఈశాన్య రుతుపవనాలదే. మార్చి–మే వాటా పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నిలువ నీటిపై నుంచి రోజుకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన నీరు ఆవిరైపోతుంది. ఈ లెక్కన మూడు నెలల వానను ఎండ వారం పది రోజుల్లో తాగేస్తుంది. కాబట్టి అంచనాలో ‘సాధారణం కంటే ఎక్కువ వర్షం’ అని వచ్చినా బోరుబావుల్లో ఊట పెరుగుతుందని అనుకోవడానికి లేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి రైతు శనగను ఈశాన్య రుతుపవనాల తేమ మీదే వేసి, ఎండలు ముదరకముందే కోసుకోవడం ఈ లెక్క తెలిసే. చీనీ, అరటి తోటలున్న పులివెందుల రైతుకు ఆ వెసులుబాటు లేదు. చెట్టుకు వేసవంతా తడి అందాల్సిందే.

ఎండ లెక్క

మైదానాల్లో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ చోటి సగటు కంటే 4.5 డిగ్రీలు పెరిగినప్పుడు, లేదా నేరుగా 45 డిగ్రీలకు చేరినప్పుడు వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా ప్రకటిస్తుంది. కడప ప్రాంతంలో మే నెల సగటే 40 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అక్కడ 44 డిగ్రీలు నమోదైనా తేడా నాలుగే కనుక ఆ రోజు వడగాలి పట్టికలోకి ఎక్కకపోవచ్చు. పొలంలో, సిమెంటు పనుల్లో, నాపరాయి గనుల్లో ఉన్న కూలీకి మాత్రం ఆ ఎండ ఎండే. రాత్రి ఉష్ణోగ్రతనూ అంతే శ్రద్ధగా చూడాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పాత ఇళ్ల మిద్దెలకు నాపబండలే కప్పు. పగలంతా కాగిన బండ పొద్దుగూకాక ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. రాత్రి చల్లబడని వారంలో ముసలివాళ్లకూ, పసిపిల్లలకూ వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. 2015 మే వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు.

అభ్యంతరాలు

ఎల్‌నినో ఉందో లేదో తెలిస్తే చాలదా అనేవారున్నారు. ఎల్‌నినో నైరుతిని దెబ్బతీసినా, దక్షిణాదిన ఈశాన్య వానలను తరచూ బలపరుస్తుంది. 2015 ఎల్‌నినో ఏడాదే, అయినా ఆ నవంబరులో రాయలసీమలో కుండపోత కురిసింది. మరుసటి ఏడు వానాకాలానికి ఎల్‌నినో లేదు, కానీ ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేశాయి. 2017 వేసవి నీటి కటకటతోనే మొదలైంది.

కృష్ణా నీళ్లొచ్చాక స్థానిక వానతో పనేమిటన్నది ఇంకో మాట. ఇందులో నిజం ఉంది. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు, మైలవరం, చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయాలది ఒక్కోటి దాదాపు పది టీఎంసీలు. అవి నిండితే అంచనా ఎలా ఉన్నా తోటలు నిలబడతాయి. గండికోటకు ఆ నీరు శ్రీశైలం నుంచి గాలేరు–నగరి కాలువ మీదుగా రావాలి, శ్రీశైలానికి పశ్చిమ కనుమల్లో కురిసిన వాన చేరాలి. అంటే ఇక్కడి వేసవి భవితవ్యం ఎక్కడో మహాబలేశ్వరం వైపు జులై, ఆగస్టు వానల మీదా ఆధారపడి ఉంటుంది. మార్చిలో చూడాల్సింది గడిచిన కాలం మిగిల్చిన నీటినే అన్న వాదనకు కాలువలు బలమే చేకూరుస్తాయి.

మూడో అభ్యంతరం గాలివానల గురించి. బంగాళాఖాతం తేమగాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి రాయలసీమ మీద కలిసే ద్రోణి వెంట సాయంత్రాలు ఉరుములు, ఈదురుగాలులు, ఒక్కోసారి వడగళ్లు వస్తాయి. 2025 మార్చిలో పులివెందుల దగ్గరి లింగాల మండలంలో గెలల బరువుతో ఉన్న అరటి చెట్లు అలాంటి గాలికే నేలకూలాయి. ఈ నష్టం పెద్దదే కానీ, కొన్ని కిలోమీటర్ల మేర, గంట రెండు గంటలు నడిచే ఉరుముల మేఘాన్ని మూడు నెలల ముందు ఏ నమూనా పట్టుకోలేదు. దానికి పనికొచ్చేవి కొన్ని గంటల ముందు వచ్చే తక్షణ హెచ్చరికలు, గెల వేశాక చెట్టుకు కట్టే ఊతకర్రలు.

వినియోగం

వాతావరణ శాఖ అంచనా, జలాశయాల నిల్వ, భూగర్భజల మట్టం ఈ మూడూ ఒకే పుటలో ఉంటేనే మండల స్థాయి ప్రణాళికకు పనికొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే వడగాలుల హెచ్చరికలను రోజూ చూడాలి. కొత్త తోట వేయాలా వద్దా అన్నది మాత్రం డిసెంబరు ఆఖరుకు బోరులో ఉన్న నీటిని చూసి తేల్చుకోవలసిన విషయం.