తూళి నుంచి స్ట్రోలర్ దాకా



ఈమధ్య మనలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మూడేళ్లు నిండని పెద్ద బిడ్డ, ఒడిలో చంటిబిడ్డ. ఇద్దరినీ తీసుకుని కూతురో కోడలో బెంగళూరు నుంచి ధర్మపురికి రావాలి. ఏ స్ట్రోలర్ కొనాలి? కొనేముందు ఆ బండి ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే మంచిదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మన పక్క బిడ్డను తోసే బండి లేదు. ఇంట్లో అయితే దూలానికి చీరతో కట్టిన తూళి, బయటికి పోతే చంక. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కూలికి పోయిన తల్లి అదే చీరను గట్టు మీది చెట్టుకొమ్మకు కట్టేది. చక్రాలున్నది ఒకటే, కొయ్య నడకబండి. తమిళంలో నడైవండి అంటారు. అది బిడ్డను మోసేది కాదు, బిడ్డే తోస్తూ నడక నేర్చుకునేది.

కూర్చోబెట్టి తిప్పే బండి ఇంగ్లాండులో ప్రభువుల తోటల్లో మొదలైంది. 1733 ప్రాంతంలో విలియం కెంట్ అనే ఆయన డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో ఒకటి చేయించాడు. దాన్ని లాగడానికి చిన్న జంతువును కట్టేవారు. 1889లో అమెరికాలోని బాల్టిమోర్‌లో విలియం రిచర్డ్‌సన్ అనే నల్లజాతి ఆయన, బిడ్డ ముఖం తల్లివైపు తిప్పుకోగల బండికి పేటెంటు తీసుకున్నాడు. ఇవన్నీ చదునైన దారులున్న చోటికి సరిపోయేవి.

మన ప్రయాణం వేరు. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి రెండున్నర అడుగుల చిన్న రైలు వచ్చింది. 1913లో అది హోసూరు దాకా సాగింది. మద్రాసు నుంచి వచ్చే తల్లి మొరప్పూరులో పెద్ద రైలు దిగి, మూటతో, బిడ్డతో చిన్న రైలు ఎక్కాలి. 1941లో అదీ ఆగిపోయింది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఇలాంటి దారిలో మడవలేని బండి బిడ్డకంటే పెద్ద బరువు.

ఆ బరువు తగ్గించింది ఒక తాత. ఓవెన్ మెక్‌లారెన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరికలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. ప్రయాణంలో బిడ్డ బండితో తన కూతురు పడే అవస్థ తెలిసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో గొడుగులా మడిచే బండి తయారుచేశాడు. బరువు మూడు కిలోల లోపే.

ఇక మన లెక్కకు వద్దాం. ఇద్దరు పక్కపక్కన కూర్చునే జంట బండి మన బస్సు తలుపులో, రైలు పెట్టెలో పట్టదు. పెద్ద బిడ్డకు మడిచే బండి, చంటిబిడ్డకు ఎదకు కట్టుకునే క్యారియర్ చాలు. అది మన తూళికి చెల్లెలే. క్యారియర్‌లో బిడ్డ ముఖం కనబడాలి, గడ్డం ఎదకు ఆనకూడదు. మెడ నిలవని బిడ్డను బండిలోనే పెట్టాలంటే వెల్లకిలా పడుకోబెట్టే వీలున్నదే కొనండి. బ్రేకు, బెల్టు అంగడిలోనే చూడండి. ఒక చంకలో బిడ్డ ఉండగా రెండో చేత్తో మడవడానికి వస్తుందా అని కూతురి చేతే చేయించి చూడండి.

కారులో అయితే ఒడిలో పెట్టుకోవడం భద్రం కాదు, పిల్లల సీటు వేరే కావాలి. 2019 మోటారు వాహన సవరణ చట్టంలో దీనికి వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి ఎలా ఉన్నా, బిడ్డ మనదే కదా.

చివరగా ఒక మనవి. పోయిన ఉగాదికి చిన్నపిల్లల తల్లులు మన సభకు చాలా తక్కువమంది వచ్చారు. హాలుకు మెట్లే తప్ప వాలుదారి లేదు. వచ్చే ఉగాదిలోగా వాలుదారి వేయిద్దాం. పిల్లలు పెద్దవాళ్లై ఇంట్లో మూలపడిన బండ్లుంటే, బ్రేకు సరిగా పనిచేస్తున్నవి సంఘానికి ఇవ్వండి. ఊరికి వచ్చిన ఆడబిడ్డలు వాడుకుని తిరిగి ఇస్తారు. మీ అభిప్రాయం కింద రాయండి.