రేనాటి కట్టుబడి బంట్లు

జీతానికి బదులు భూమి అనుభవిస్తూ, ఊరికి కావలి కాస్తూ, పిలుపు వస్తే ఆయుధం పట్టి పాళెగాడి వెంట నడిచేవాళ్ళు కట్టుబడి బంట్లు. కర్నూలు, కడప సీమల్లో వీళ్ళ చేతిలో ఉన్నవి కత్తి, బల్లెం, వడిసెల, అక్కడక్కడ ఒత్తి తుపాకి. మిగతా రోజుల్లో వీళ్ళు సేద్యగాళ్ళే. సైన్యానికీ సేద్యానికీ మధ్య గీత అంత స్పష్టంగా లేని కాలం అది.

1565లో విజయనగరం ఓడిపోయాక ఈ ప్రాంతం మీద ఏ ప్రభుత్వమూ గట్టిగా నిలవలేదు. గోల్కొండ, మొగలాయీలు, కడప నవాబులు, హైదరాలీ, టిప్పు, నిజాం వరసగా వచ్చారు. పైన ఎవరున్నా ఊళ్ళకు దగ్గరగా ఉన్న అధికారం పాళెగాళ్ళదే. ఎర్రమలకూ నల్లమలకూ నడుమ కుందూ నది పారే నల్లరేగడి రేనాడులో నొస్సం, అవుకు వంటి కోటలు వాళ్ళ బలానికి గురుతులు. ఊళ్ళు కట్టే కావలి రుసుం రక్షణకు చెల్లింపే, కట్టకపోతే మాత్రం దోపిడీ. ఈ రెండో సంగతిని వీరగాథలు సాధారణంగా పట్టించుకోవు.

1800లో నిజాం కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలనే ఆ ప్రాంతాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్క ప్రకారం కర్నూలు నవాబు సీమ కాకుండా అక్కడ 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద సుమారు 30,000 మంది ఆయుధధారులు ఉన్నారు. జనరల్ డుగాల్డ్ క్యాంబెల్ పటాలం కోటలను ఒక్కొక్కటిగా లొంగదీసింది. లొంగినవాళ్ళకు తవర్జీ, అంటే నెలసరి భరణం, ఏర్పాటయింది. కోటలు పోయినా బంట్లు మిగిలారు. కొందరిని కంపెనీయే తక్కువ పన్ను ఇనాముల మీద కావలి పనికి ఉంచుకుంది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ పోలీసు అధికారాన్ని గ్రామ మునసబులకూ తాసిల్దార్లకూ అప్పగించడంతో పాత కావలికి ఆధారం సన్నగిల్లింది. ఆ తరువాత దెబ్బ దస్తరాల్లోంచి వచ్చింది. ఇనాముదారు చనిపోతే అతని భూమి వారసులకు దక్కకుండా సర్కారు పరం కావడం మొదలైంది. తాత కత్తి పట్టి సంపాదించిన మడి మనవడికి మామూలు పన్ను కట్టవలసిన పొలంగా మారింది.

1846 తిరుగుబాటు ఇక్కడి నుంచే వచ్చింది. కోవెలకుంట్ల తాలూకా అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీ మాత్రమే వచ్చేది. బంధువుల వాటా తనకు రావాలని అతను పెట్టుకున్న అర్జీని సర్కారు తోసిపుచ్చింది. అదే సమయంలో ఇనాములు పోయిన కట్టుబడులు అతని చుట్టూ చేరారు. ఆ ఫిర్యాదు ఒక్క పెద్దింటిదే అయి ఉంటే వ్యవహారం అర్జీల దగ్గరే ఆగిపోయేదేమో.

1846 జులైలో వాళ్ళు కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. తరువాత గిద్దలూరు వైపు లెఫ్టినెంట్ వాట్సన్ దళంతో తలపడ్డారు. వాళ్ళకు కొండలు తెలుసు, ఊళ్ళు అన్నం పెట్టేవి. కంపెనీకి శిక్షణ, మందుగుండు, నిలకడగా జీతం అందే సిపాయిలు ఉన్నారు. కడప కలెక్టరు కాక్రేన్ పట్టిచ్చినవారికి బహుమానం ప్రకటించాడు. అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో నరసింహారెడ్డి దొరికాడు. వందమందికి పైగా అనుచరులకు శిక్షలు పడ్డాయి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో అతన్ని జనం ఎదుట ఉరితీశారు. తలను 1877 దాకా అక్కడి కోట మీదే వేలాడదీసి ఉంచారని చెబుతారు. అంతకాలం ఉంచడంలోనే పాలకుల భయం ఎంతో తెలుస్తుంది.

కోవెలకుంట్ల 1858లో కొత్తగా ఏర్పడిన కర్నూలు జిల్లాలో కలిసింది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అదే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ సేవతో ముడిపడిన ఇనాములను పన్ను పొలాలుగా మార్చే పనికి పూనుకుంది. మరుసటి ఏడు మద్రాసు పోలీసు చట్టం జీతగాళ్ళ పోలీసు దళాన్ని తెచ్చింది. కట్టుబడి వృత్తికి ఇక చోటు లేకుండా పోయింది.

వృత్తి పోయినా దాని జ్ఞాపకం జానపద గీతాల్లో నిలిచింది. 2019 అక్టోబరు 2న విడుదలైన ‘సైరా నరసింహారెడ్డి’ పేరు నరసింహారెడ్డి మీద పాడే అలాంటి గీతం పల్లవిదే. సురేందర్ రెడ్డి దర్శకత్వంలో చిరంజీవి నటించిన ఈ సినిమాలో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు కథ చెబుతుంది. ఎండలు కాసే రేనాటి యుద్ధాన్ని కొంత జార్జియా దేశంలో చిత్రీకరించారు. పరాయి పాలన మీద లేచిన మొదటి పోరు ఇదేనన్న మాట సినిమాతో బాగా వ్యాపించింది. కాని ఇదే నేల మీద మన్రో కాలపు పాళెగాళ్ళు, తమిళ సీమలో 1799 నాటి కట్టబొమ్మన అంతకు ముందే ఉన్నారు. తెర మీద వేల సైన్యాలు ఢీకొంటాయి. కోవెలకుంట్ల మీదికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సొంత పొలం కోసం వచ్చినవాళ్ళు.