వెంకటేశ్ అడిగిన రెండు ప్రశ్నలు

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్‌పై ఉన్న పాతికేళ్ల యువకుడి కోరిక దేశమంతటా చర్చకు వచ్చింది. పేరు వెంకటేశ్, చదరంగం క్రీడాకారుడు. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే జన్యువ్యాధి బాల్యం నుంచే అతని కండరాలను క్షీణింపజేసింది. అవయవాలు పాడవకముందే యంత్రాన్ని తొలగించి, వాటిని ఇతరులకు అమర్చాలని అతడు కోరాడు. తల్లి సుజాత ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుంచారు.

న్యాయస్థానం అంగీకరించలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అందుకు ముందుగా బ్రెయిన్ డెత్ నిర్ధారణ కావాలి. వెంకటేశ్ మెదడు సజీవంగానే ఉంది. డిసెంబరు 17న అతడు కన్నుమూశాడు. కళ్లను మాత్రం దానం చేశారు.

పాఠకులు గమనించవలసినదేమంటే, ఆ ఒక్క అభ్యర్థనలో రెండు ప్రశ్నలున్నాయి. దానం కోసం ప్రాణాన్ని ముందుగా ముగించవచ్చునా? ఇది నేటికీ చట్టవిరుద్ధమే. వైద్యుడిగా నేనూ ఆ హద్దును సమర్థిస్తాను. తనకు వద్దనుకున్న చికిత్సను నిరాకరించే హక్కు రోగికి ఉన్నదా? దీనికి స్పష్టమైన జవాబు రావడానికి పదమూడేళ్లకు పైగా పట్టింది.

2008లో సమీరా కోహ్లీ కేసులో, విషయం తగినంతగా తెలుసుకొని రోగి ఇచ్చిన సమ్మతి లేనిదే చికిత్స చేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2011లో అరుణా శాన్‌బాగ్ తీర్పు కొన్ని షరతులతో ప్రాణాధార చికిత్స ఉపసంహరణను అనుమతించింది. 2018 మార్చి 9న, కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని రాజ్యాంగ ధర్మాసనం తేల్చి, ముందస్తు వీలునామాను గుర్తించింది. 2023 జనవరిలో ఆ విధానం సులభమైంది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు.

నా ఉద్యోగకాలంలో మేము రోగిని మంచం మీదే ఉంచి, కొడుకులను వరండాలోకి పిలిచి నిర్ణయాలు తీసుకునేవాళ్లం. దానిని దయ అనుకున్నాం. ఇప్పుడు మన్సూరాబాద్‌లో డయాలసిస్‌కు వెళ్లే ఇరుగుపొరుగు పెద్దలు నన్ను సలహా అడిగితే, ముందుగా వారినే అడుగుతున్నాను: "మీకేమి కావాలి?" చాలామంది కాసేపు మాట్లాడరు. ఆ ప్రశ్న తమను ఎవరూ అడగలేదంటారు.

మీ ఇంట్లో దీర్ఘవ్యాధిగ్రస్తులుంటే, వారు తెలివిగా మాట్లాడగలిగినప్పుడే వారి కోరిక తెలుసుకొని, రాయించి ఉంచండి. ఐసీయూ తలుపు ముందు ఊహించవలసిన అగత్యం రాకూడదు.